కొత్త ఫోన్, లోన్ మేడమ్

ఫోన్ పోగొట్టుకున్నవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. బస్సులో ఎవడో కొట్టేశాడని, ఆటోలో మరిచిపోయామని, నీళ్ల బకెట్లో పడేసుకున్నామని ఏడుస్తుంటారు. నాది అలాంటి చిన్నాచితకా నష్టం కాదు. నేను ఫోన్ కొనుక్కుని కొంప ముంచుకున్నవాణ్ణి. పైగా ఆ ఫోన్‌కు ఏమీ కాలేదు, దాని మీద ఈరోజుకీ ఒక్క గీత లేదు. అయిందల్లా నాకే.

అప్పటికి నాకు పాతికేళ్లు. అబిడ్స్‌లో స్కూల్ యూనిఫారాల బట్ట అమ్మే దుకాణంలో పని. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో అమ్మా నేనూ కిరాయికి ఉండేవాళ్లం. నాయన పోయాక అమ్మ జనగామ దగ్గర మా ఊరు వదిలేసి, నాకు వండిపెట్టడానికి వచ్చింది. వండిపెట్టడంతో ఆగితే బాగుండేది. నాకు పిల్లను కూడా చూస్తోంది. మేనమామ కూతురు ఉందని, ఆ పిల్ల వేలెడంత ఉన్నప్పుడే మాట అనుకున్నారని వారానికోసారి గుర్తుచేసేది. నేను అన్నం మీద శ్రద్ధ ఉన్నట్టు తల వంచుకుని తినేవాణ్ణి.

ఎందుకంటే నా మనసంతా వనజ దగ్గర ఉంది.

వనజ స్టేషన్ ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణంలో పనిచేసేది. మా సేఠ్ బిల్లులు జిరాక్స్ తీయించుకురమ్మని నన్ను పంపేవాడు. ఒక కాపీ తీయించమంటే రెండు తీయించేవాణ్ణి, అది తప్పు వచ్చిందని మళ్లీ వెళ్లేవాణ్ణి. "మీ సేఠ్‌కు కండ్లు కనవడయా, ఇన్ని కాపీలెందుకు?" అని ఒకరోజు ఆమే అడిగింది. "సేఠ్‌కు కనవడ్తయ్. నాకే ఎంత చూసినా సరిపోతలేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకిప్పటికీ నమ్మకం లేదు. ఆమె నవ్వి, కాపీ చేతిలో పెట్టి, "పో ఇగ" అంది. ఆ తర్వాత పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీ మాదైపోయింది.

మా మధ్య ఒక షరతు ఉండేది. నేను ఆమెకు ఫోన్ చేయకూడదు. "నా ఫోన్ ఎప్పుడు మా తమ్ముని చేతిలనే ఉంటది. నేనే చేస్త. నువ్వు మాత్రం చెయ్యకు" అని ఒట్టు పెట్టించుకుంది. కనుక నా పనల్లా ఎదురుచూడటం. అందులో నాకు మంచి నైపుణ్యం వచ్చేసింది.

ఇక ఆమె నంబరు ఏ పేరుతో దాచుకోవాలి అన్నది సమస్య. మా దుకాణం కుర్రాళ్లందరికీ ఈ సమస్య ఉండేది. ఒకడి ఫోన్లో వాడు ప్రేమించిన పిల్ల పేరు 'గ్యాస్ బుకింగ్'. ఇంకొకడికి 'ప్లంబర్ యాదగిరి'. వాళ్లను చూస్తే నాకు జాలేసేది. ప్లంబర్ ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరైనా ఎత్తుతారు కదండీ, నల్లా కారుతుంటే మరీ ఎత్తుతారు. లోకంలో ఎవరూ ఎత్తని ఫోన్ ఒక్కటే ఉంది. అందుకని నేను బాగా ఆలోచించి వనజ పేరు 'లోన్ మేడమ్' అని పెట్టుకున్నాను. ఆ తెలివికి నా వీపు నేనే తట్టుకున్నాను కూడా.

ఫోన్ మోగగానే పేరు చూసి, "మళ్లీ ఈ లోన్ వాళ్లు!" అని చిరాకు నటిస్తూ మెట్ల మీదికి పరిగెత్తేవాణ్ణి. వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉండేది.

"గంతసేపు ఏం మాట్లాడినవ్ రా ఆ లోన్ ఆమెతోటి?"

"తిట్టిన అమ్మా. మంచిగ తిట్టి పెట్టిన."

"రోజూ తిడుతవ్, ఆమె రోజూ చేస్తది. జర మెల్లగ తిట్టు బిడ్డా, ఆమె గూడ ఎవరి బిడ్డనో."

ఒకసారి నేను స్నానానికి వెళ్లినప్పుడు అమ్మే ఎత్తేసింది. లోకంలో ఎవరూ ఎత్తని ఫోన్ కూడా ఎత్తే మనిషి మా ఇంట్లోనే ఉందని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒళ్లంతా సబ్బుతో తలుపు సందులోంచి విన్నాను.

"మాకు లోన్ వద్దు బిడ్డా... ఔనా? ఊరేది మీది? వరంగలా! మాది జనగామ దిక్కు... తిన్నవా మరి? గీ ఎండల గిట్ల అందరికి ఫోన్లు చేసుకుంట కూసుంటే గొంతు పోదా?"

పావుగంట మాట్లాడుకున్నారు. వనజ పాపం ఆ పావుగంటా లోన్ మేడమ్‌గానే ఉండిపోయింది. నేను బయటికి వచ్చాక అమ్మ అంది, "పిల్ల మంచిగ మాట్లాడుతదిరా. గొంతు ఎంత సల్లగున్నది! పాపం, ఈ లోన్ల నౌకరీ ఏంది ఆ పిల్లకు." నాకు అప్పుడే చెప్పేయాలనిపించింది. నోటి దాకా వచ్చింది. మేనమామ గుర్తొచ్చి మింగేశాను.

ఇంతలో చలికాలం వచ్చి ఎగ్జిబిషన్ మొదలైంది. నాంపల్లిలో ఎగ్జిబిషన్ అంటే మాకు పెద్ద పండగ. వనజ వాళ్ల నాయన అందులో వరంగల్ జంపఖానాల స్టాల్ పెడతాడు. అది అయ్యాక సరుకంతా లారీలో వేసుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ నెలన్నరా వనజ జిరాక్స్ పని మాని స్టాల్‌లోనే కూర్చుంటుంది. పోయేముందు మా బెంచీ మీద కూర్చుని చెప్పింది.

"మా నాయిన నాగ్‌పూర్‌ల ఒక సంబంధం చూస్తున్నడు. ఎగ్జిబిషన్ అయితనే ఆడికే పోతడు. గీ లోపలనే నేను మన సంగతి చెప్త. సరుకు మంచిగ అమ్ముడుపోయిన రోజు నవ్వుకుంట ఉంటడు, గా రోజు చూసి చెప్త. ఒప్పుకుంటే నీకు ఫోన్ చేస్త. మీ అమ్మను తీసుకొని రా."

"నేను ముందుగాల ఒకసారి ఊరికే వచ్చి చూసిపోనా? జంపఖాన కొనేటోని లెక్క?"

"వద్దు. నీ మొహంల అంతా కనవడ్తది. ఫోన్ చేసేదాక గేటు దాటి లోపలికి రాకు."

సరేనని ఒట్టేశాను. మీరే చెప్పండి, ఇంత ముఖ్యమైన ఫోన్ రాబోతుంటే, బ్యాటరీ ఉబ్బిపోయి, మాట సగం వినపడని నా డబ్బా ఫోన్‌ను నమ్ముకుంటానా? కొత్తది కొనాల్సిందే అనుకున్నాను. అదీ నా తెలివి.

కొత్త వస్తువు కొంటే అమ్మ లేకుండా కొనే పద్ధతి మా ఇంట్లో లేదు. కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని అమ్మ నాతోపాటు అబిడ్స్‌కు బయల్దేరింది. మా దుకాణం పక్క సందులోనే సలీం భాయ్ ఫోన్ల షాపు. నాకు టీ స్నేహితుడు. డబ్బా తెరవగానే అమ్మ ఫోన్‌కు బొట్టు పెట్టబోయింది.

"అమ్మా, అమ్మా, ఆడ కాదు! కెమెరా అది! ఫోటోలు అన్నీ ఎర్రగొస్తయ్" అని సలీం అడ్డుపడ్డాడు. కవరు మీద బొట్టు పెట్టడానికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

తర్వాత ఫోన్‌ను నాకు నచ్చినట్టు సింగారించే పని మొదలైంది. మొదట తెర మీద బొమ్మ. వనజ ఫోటో పెట్టుకునే ధైర్యం లేదు కనుక మా బెంచీ ఫోటో పెట్టమన్నాను. అమ్మ తొంగి చూసింది.

"ఒట్టి బెంచి ఏందిరా? కూసున్న మనిషన్న లేదు. దేవుని ఫోటో పెట్టుకోరాదు?"

"చల్లగ ఉంటది అమ్మా, చెట్ల కింద."

ఆ బెంచీ ఖాళీగానే ఉంటుందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే దేవుడి ఫోటోనే పెట్టుకునేవాణ్ణి.

ఆ తర్వాత అసలు సంగతి, రింగ్‌టోన్. అందరికీ ఒకటి, వనజకు ఒకటి. ఆమె ఫోన్ చేస్తే నా పక్కనున్నవాడు ఎవడైనా సరే, నాకు మాత్రం వీధి చివరి నుంచే తెలిసిపోవాలి. సలీం ఇంకో ఫోన్లో పాటలన్నీ పెట్టి, నా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, "నువ్వు వినుకుంట ఉండు అన్నా, నేను మిగతాది సెట్ చేస్త" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. వీణ విన్నాను, గంటలు విన్నాను, పిచ్చుకలు విన్నాను. చివరికి సన్నాయి దగ్గర ఆగిపోయాను. ఆ సన్నాయిలో నేనూ వనజా పీటల మీద కూర్చున్నాం, అమ్మ కొత్త చీర కట్టుకుంది, మేనమామ కూడా అలక మాని అక్షింతలు వేస్తున్నాడు.

మధ్యమధ్య సలీం నా భుజం తట్టి ఏదో అడిగేవాడు. నేను ఒక చెవి మీది హెడ్‌ఫోన్ కొద్దిగా ఎత్తి, వినకుండానే "ఔ" అనేవాణ్ణి. కొత్త ఫోన్ అడిగేవాటికి మీరు మాత్రం చదివి జవాబు చెబుతారా? నంబర్లన్నీ ఇందులోకి తేవాల్నా? ఔ. తెలియని నంబర్లు మోగకుండ చెయ్యాల్నా? ఔ. అప్పుడు అమ్మ సలీం వైపు వంగి మెల్లగా చెప్పిందట.

"నాయనా, గీ లోన్ మేడమ్ అని ఒక పిల్ల ఉన్నది. మంచి పిల్లనే గని, మా వాని పానం తీస్తది. మెట్ల మీద నిలబడి గంటలు గంటలు లొల్లి పెట్టుకుంటడు. ఆమె ఫోన్ రాకుండ బంద్ చేయరాదు?"

సలీం నా భుజం తట్టాడు. "అన్నా, గీ లోన్ మేడమ్‌ను బ్లాక్ చెయ్యాల్నా? అమ్మ చెప్తున్నది."

నా చెవుల్లో సన్నాయి తారస్థాయిలో ఉంది. అక్షింతలు పడుతున్నాయి. ఆనందంగా తలాడించి, "ఔ, ఔ! ఇదే ఫైనల్!" అన్నాను.

ఇదంతా తర్వాత సలీం చెబితే తెలిసింది. మీకు ఇప్పుడే తెలిసిపోయింది కనుక, ఇక నన్ను చూసి నవ్వుకోండి, నేను ఏమీ అనుకోను.

ఇంటికి వెళ్లి వనజ పేరుకు సన్నాయి తగిలించి ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఒకరోజు పోయింది, ఇంకో రోజు పోయింది. అన్నం తింటుంటే ఫోన్ కంచం పక్కన, స్నానం చేస్తుంటే కిటికీలో, పడుకుంటే దిండు కింద. మోగుతోందో లేదోనని అనుమానం వచ్చి అమ్మ చేత చేయించాను, మోగింది. సేఠ్ చేత చేయించాను, మోగింది. "దుకాన్‌ల నా ముంగట నిలబడి నాతోటి ఫోన్ చేపిస్తవేందిరా?" అని సేఠ్ నా నుదురు పట్టుకుని చూశాడు.

ఒక సాయంత్రం అబిడ్స్ రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు పోయింది. సన్నాయి వినపడగానే చేతిలో కత్తెర, కౌంటర్ మీద బట్ట అలాగే వదిలేసి జేబులోంచి ఫోన్ తీశాను. బెంచీ ఖాళీగా కనిపించింది. మళ్లీ కత్తెర పట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడి నిక్కరుకు హెడ్ మాస్టరుకు సరిపడా బట్ట కత్తిరించేశాను. ఆ బట్ట చుట్టలు చూస్తూ నాకు నిజంగా ఏడుపొచ్చింది. వాళ్ల నాయన ఒప్పుకోలేదేమో, వనజకు ఆ మాట చెప్పడానికి నోరు రావడం లేదేమో అనుకున్నాను. ఆమె గొంతు వినాలని ఎంత ఉండేదంటే, కాదు అని చెప్పినా సరే, ఆ గొంతుతో చెబితే చాలనిపించేది.

దుకాణం అయ్యాక తిన్నగా ఎగ్జిబిషన్ గేటు దగ్గరికి పోయేవాణ్ణి. లోపలికి పోవద్దని ఒట్టు కదా. గేటు బయట మిర్చీ బజ్జీల బండి దగ్గర నిలబడేవాణ్ణి. లోపల దీపాలు, జెయింట్ వీల్ మీద పిల్లల కేకలు. అక్కడెక్కడో ఆమె జంపఖానాలు మడత పెడుతూ ఉంటుంది. మా ఇద్దరి మధ్య ఒక గోడ, ఒక టికెట్టు, ఒక ఒట్టు.

ఒక ఆదివారం సాయంత్రం అలాగే బజ్జీ కొరుకుతుంటే లోపల మైకు గరగరలాడింది. తప్పిపోయినవాళ్ల పేర్లు చదువుతున్నారు.

"శ్రీనివాస్... శ్రీనివాస్ అనే అబ్బాయి ఎక్కడున్నా వెంటనే ఆఫీసు దగ్గరికి రావాలె. మీవాళ్లు మీ కోసం ఎదురుచూస్తున్నరు."

కాసేపటికి మళ్లీ అదే. మళ్లీ అదే. నాకు మనసు కలుక్కుమంది.

"ఎవరి పోరడో పాపం, తప్పిపోయినట్టున్నడు" అన్నాను బజ్జీలాయనతో. "ఇంతమంది జనంల పిల్లల చెయ్యి ఇడిసిపెడ్తరా అన్నా? ఏం మనుషులు!"

"ఔ తమ్మీ. గా పోరడు ఏడ ఏడుస్తున్నడో. నీ పేరేంది?"

"శ్రీనివాసే."

"మరి నిన్నే పిలుస్తున్నరేమో, పోరాదు!"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నేను ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాను.

ఎగ్జిబిషన్ ముగిసిన మర్నాడు పొద్దున్న అమ్మ టీ గ్లాసు చేతికిచ్చి, నా మొహం చూసి, నన్ను సంతోషపెడదామనుకుంది.

"ఏంది బిడ్డా, గిట్ల గుంజుకపోయినవ్? ఇగ ఆ లోన్ పిల్ల పీడ గూడ లేకపాయె. చూసినవా, ఒక్కసారన్న చేసిందా? నేనే సలీంకు చెప్పి బంద్ చేయించిన. నువ్వు గూడ ఔ అన్నవ్ గద!"

టీ నా కాళ్ల మీద పడింది. కాలినట్టు కూడా తెలియలేదు. చెప్పులు లేకుండా పరిగెత్తాను. ఎగ్జిబిషన్ గేటు బార్లా తీసి ఉంది, టికెట్టు అడిగేవాడు లేడు. లోపల గుడ్డలు విప్పుతున్నారు, గుంజలు పీకుతున్నారు. జంపఖానాల స్టాల్ ఏదని అడిగితే ఒకతను ఖాళీ జాగా చూపించాడు. లారీ తెల్లారకముందే పోయిందట.

అక్కడే నిలబడి ఒట్టు తీసి గట్టున పెట్టి వనజకు ఫోన్ చేశాను. ఎత్తింది.

"ఇప్పుడు చేస్తున్నవా శ్రీనూ?"

"నువ్వే చెయ్యొద్దన్నవ్ గద."

"మరి నేను చేస్తే ఎందుకెత్తలే? ఎన్నిసార్లు చేసిన్నో నాకే యాదికి లేదు. ఎప్పుడు చేసినా బిజీ. పక్క స్టాల్ ఆమె ఫోన్ అడుక్కొని గూడ చేసిన. మా నాయిన ఒప్పుకున్నడు శ్రీనూ. ఆదివారం మీ అమ్మను తీసుకొని రమ్మన్నడు. మీ ఇద్దరికి కుర్చీలు గూడ ఏసి పెట్టిండు. ఆఖరికి సిగ్గిడిసి మైకుల గూడ పిలిపించిన."

"గా శ్రీనివాస్... నేనేనా?"

"నాకు ఎంతమంది శ్రీనివాసులుంటరు?"

మిగతాది కూడా ఆమే చెప్పింది. "నువ్వు రాకపోయేసరికి నాయినకు నామోషైంది. నాగ్‌పూర్ వాళ్లకు ఔనన్నడు. మొన్న వాళ్లే ఈడికొచ్చిండ్రు, పూలు పండ్లు గూడ అయిపోయినయ్." పూలు పండ్లు అయ్యాయంటే మా వైపు పెళ్లి ఖాయమైనట్టే. వెనక్కి పోవడానికి ఇక దారి ఉండదు.

నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఫోన్, బొట్టు, సన్నాయి, అమ్మ, సలీం, బజ్జీలు, ఏదీ దాచలేదు. అంతా విని ఆమె ఒకటే అడిగింది.

"నన్ను ఏ పేరుతోటి పెట్టుకున్నవ్?"

"లోన్ మేడమ్."

నవ్వింది. ఆపకుండా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. "నువ్వు కావాల్నని ఎత్తలేదనుకున్న శ్రీనూ. గది కాదని తెల్సింది, చాలు. తమ్ముడొస్తున్నడు, పెట్టేస్త. మంచిగ తిను" అంది. ఆ తర్వాత ఆ గొంతు నేను మళ్లీ వినలేదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నోరెళ్లబెట్టింది.

"ఏందీ? గా లోన్ పిల్లనా? ఎండల గొంతు పోదా అంటే, నువ్వు మంచిగున్నవా అత్తమ్మా అని నన్నే అడిగిన పిల్లనా?"

"ఔ అమ్మా."

"అయ్యో కొడుకా!" అని అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. "ముందుగాల ఒక్క మాట చెప్తే, నేనే తీసుకుంటుంటి గదరా ఆ లోను!"

ఆ మాటకు నేను నవ్వాను, అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడు నాకు పెళ్లైంది. మేనమామ కూతురు కాదు, ఆమె నాకంటే తెలివైనవాణ్ణి చూసుకుంది. మా ఆవిడ నంబరు నా ఫోన్లో ఇంటిపేరుతో, ఫోటోతో సహా ఉంటుంది. ఈ కథంతా ఆమెకు చెప్పాను. లోన్ వాళ్ల ఫోన్ వస్తే, "పో, పో, మీ వాళ్లు చేస్తున్నరు" అని ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోతుంది.

కనుక అబిడ్స్ బజారు, నాంపల్లి స్టేషను, మా సేఠ్ కత్తెర సాక్షిగా నేను గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, ఎండలో గొంతు పోగొట్టుకుంటూ ఫోన్ చేసే ఏ లోన్ మేడమ్ ఫోనూ నేను కట్ చేయను. వడ్డీ ఎంతో, కాగితాలేమిటో అంతా ఓపిగ్గా వింటాను. చివర్లో వాళ్లంతా ఒకటే అడుగుతారు, "సార్, మీకు లోన్ అవసరం ఉందా మరి?"

"లేదమ్మా" అంటాను. "అయినా మీరు చెప్పండి. నేను వింటున్నాను."